రీమరు వణుకు

రీమరు వణికితే ముందు చెవికి తెలియదు, పళ్లకి తెలుస్తుంది. లేత్ హ్యాండిల్ మీద చెయ్యి ఉంటుంది. ఆ చేతిలోంచి మోచేతికి, అక్కడినుంచి దవడకి జివ్వుమని పాకుతుంది. చప్పుడు ఆ తర్వాత వస్తుంది. రేకుల షెడ్డు కింద ఆ చప్పుడు విన్నవాళ్లందరూ ఒకసారి తిరిగి చూస్తారు, తమది కాదని తెలిశాక మళ్లీ తమ పనిలో పడతారు. నేను పనిచేసిన షాపులో దాన్ని ‘చటర్’ అనేవారు. అది ఇంగ్లీషు మాట అని నాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు. చటర్‌పటర్ లాంటి హిందీ మాటే అనుకున్నాను. ఒక భాష మాటని ఇంకో భాష మాట అనుకోవడం వల్ల నాకేం జరిగిందో, నా వల్ల ఇంకొకాయనకి ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రీమరంటే తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. డ్రిల్లు రంధ్రం చేస్తుంది గాని ఆ రంధ్రం గరుకుగా ఉంటుంది, కొలతకి సరిగ్గా రాదు. దాన్ని నున్నగా, కొలతకి తెచ్చేది రీమరు. పొడుగాటి ఉక్కు కడ్డీకి నిలువునా పదునైన అంచులుంటాయి. అది మెల్లగా లోపలికి పోతూ వెంట్రుకవాసి మందం గీకుతుంది. పని ఎంత సున్నితమో దాని పెంకితనం అంత. వేగం ఎక్కువైనా, అంచు మొద్దుబారినా, ఎక్కడో ఒక నట్టు వదులైనా ఒళ్లంతా వణికిపోతుంది. వణికిన చోటల్లా రంధ్రం లోపల నిలువు గీతలు పడతాయి. బల్బు పెట్టి చూస్తే తడి సున్నం మీద దువ్వెనతో గీసినట్టు కనిపిస్తాయి.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాది మూడో తరం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. నేను ఎనిమిదో తరగతి దాకా చదివింది హిందీలోనే. తెలుగు అక్షరాలు అమ్మ పలక మీద దిద్దించింది గాని, ఇప్పటికీ రాయాలంటే ఒత్తుల దగ్గర ఆగిపోతాను. మా ఆయన వ్యాగన్లు బాగుచేసే ఒక చిన్న షాపులో లేత్ నడిపే టర్నరు. పెళ్లయిన ఆరేళ్లకి కామెర్లు వచ్చి పోయాడు. మరో ఏడాదికి, ఎనభైల మధ్యలో, ఆయన బదులు నాకు అదే షాపులో చేతికింద పనిచేసే ఖలాసీ ఉద్యోగం ఇచ్చారు.

ఆడమనిషిని షాపులో ఏం చెయ్యాలో అక్కడెవరికీ తోచలేదు. మొదటి ఏడాది చీపురిచ్చారు. తర్వాత టూల్ రూము కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పనివాళ్లు తమ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల తెచ్చి ఇస్తారు. నేను ఆ బిళ్లని మేకుకి తగిలించి వాళ్లడిగిన పనిముట్టు ఇవ్వాలి, అది తిరిగొచ్చాక బిళ్ల ఇచ్చెయ్యాలి. ఆ కిటికీలో నాలుగేళ్లు కూర్చున్నాను. ఏ మిషను ఎందుకు మూలుగుతోందో, ఎవరు మొద్దు డ్రిల్లు తిరిగిచ్చి నా ముందు అమాయకుడిలా నిలబడ్డారో కదలకుండా చెప్పగలిగేదాన్ని. కిటికీకి ఎదురుగానే మా ఆయన లేత్. ఆయన తర్వాత దాని మీద ఎవరినీ స్థిరంగా వెయ్యలేదు. రోజూ దాన్ని చూస్తూ క్యారేజీ విప్పుకుని తినేదాన్ని. అందులో ప్రేమ ఎంత, పంతం ఎంత అంటే చెప్పలేను. నాకు ఆ లేత్ కావాలి, అంతే.

తొంభైల మొదట్లో రెండు టర్నరు ఖాళీలు పడ్డాయి. ఖలాసీలు కూడా ట్రేడ్ టెస్టు రాయొచ్చన్నారు. రాయడమంటే కాగితం మీద కాదు, మిషను మీద పని చేసి చూపించాలి. నేను అర్జీ పెట్టాను. మా ఛార్జ్‌మన్ షాపు అజమాయిషీ చేసేవాడు, చెడ్డవాడు కాదు. నా కాగితం చూసి, “అచ్ఛా, ఆప్ భీ?” అని మాత్రం అన్నాడు, మీరు కూడానా అని. తర్వాత నియమం చెప్పాడు. రెండు అవకాశాలే ఇస్తారు. రెండూ తప్పితే టూల్ రూము కూడా ఉండదు, ఆఫీసుకి పంపించేస్తారు. అక్కడ కుండలు నింపి సార్ల బల్లల మీదికి మంచినీళ్లు అందించాలి. నీళ్లందించడం తక్కువ పనని నేననను. కాని “ఆడవాళ్లకి అదే సుఖం” అని ఆయన చల్లగా అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

పరీక్షలో ఇచ్చే పని ఒక కాక్. వ్యాగన్ల గాలి గొట్టానికి ఉండే కుళాయి లాంటిది. గన్‌మెటల్ అనే కంచు లాంటి లోహపు దిమ్మలో, ఒక పక్క వెడల్పుగా, రెండో పక్క సన్నగా ఉండే రంధ్రం. దాంట్లో అదే ఆకారంలో బిరడా కూర్చుంటుంది. రంధ్రంలో ఒక్క గీత పడినా గాలి ఆ దారిన కారిపోతుంది. సబ్బునురగ రాసి గాలి వదులుతారు. బుడగ లేస్తే తప్పినట్టే.

నాకు పని నేర్పుతానన్నవాడు ఒక్కడే. షాపులో అందరికన్నా పాత మిస్త్రీ. మా ఆయనకి కూడా ఆయనే నేర్పాడు. వరసకి మాకేమీ కాడు, మా అత్తవారి ఊరికి పక్క ఊరు. అందుకని నేను మావా అనేదాన్ని, ఆయన కోడలా అనేవాడు. ముప్పై అయిదేళ్లు రివెట్ల చప్పుడులో పనిచేసి చెవులు దాదాపు పోగొట్టుకున్నాడు. మిషను మీద అరచెయ్యి ఆనించి వినేవాడు. మనుషుల మీద చెయ్యి ఆనించలేడు కాబట్టి, ఎవరేం అడిగినా నవ్వుతూ తలూపేసేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ బ్రెడ్డు చుట్టే మైనం కాగితాలు మడతపెట్టి ఉండేవి. పిసినారితనమని అందరం నవ్వుకునేవాళ్లం. రిటైరవడానికి ఏడాది కూడా లేదు.

ఆయన నేర్పే పద్ధతి ఒకటుంది. రోజుకి ఒక్క మాట. అదీ అరిచి చెప్పేవాడు. తన చెవికి తన గొంతు వినబడాలిగా.

మొదటి రోజు మా ఆయన లేత్ మీద రీమరు దిమ్మలోకి పోగానే షాపంతా తిరిగి చూసింది. మావ మిషను ఒంటి మీద చెయ్యి వేసి, “జోరు!” అన్నాడు. వేగం ఎక్కువని అర్థమైంది. గేరు మార్చి, దిమ్మని పట్టి తిప్పే చక్‌ని బాగా నెమ్మది చేశాను. వణుకు కొంచెం దిగింది, పోలేదు. రెండో రోజు, “పొడుగు!” అన్నాడు. రీమరుని పట్టుకున్న వెనక కడ్డీని నేను బయటికి చాలా లాగేశాను. పొడుగాటి కర్ర చివర బరువు కడితే ఊగినట్టు ఊగుతోంది. దాన్ని లోపలికి జరిపాను. ఇంకొంచెం దిగింది. మూడో రోజు, “మొద్దు!” అన్నాడు. నన్ను అన్నాడా రీమరుని అన్నాడా అని కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని రీమరు మార్చాను. కిటికీలో నాలుగేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి ఏది కొత్తదో, ఏది రెండుసార్లు సాన పట్టిందో నాకు తెలుసు. ఈసారి వణుకు సగానికి సగం పోయింది. మిగిలిన సగం మాత్రం మొండిగా నిలిచిపోయింది. చక్ బేరింగులు చూశాను, దిమ్మని విప్పి మళ్లీ బిగించాను. రీమరు వెనక కడ్డీని చేతి బలమంతా పెట్టి బిగించి పట్టుకున్నాను. ఎంత బిగిస్తే అంత వణికింది.

నాలుగో రోజు మావ నా వెనక, లేత్ చివర నిలబడ్డాడు. పక్కన ఎవరో రేకు కొడుతున్నారు. రీమరు మొదలుపెట్టగానే ఆయన గట్టిగా అరిచాడు.

“తేల్ నై! తేల్ నై!”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. షాపులో నూనెని నూనె అన్నవాళ్లెవరూ లేరు. తెలుగువాళ్లం కూడా తేల్ అనే అనేవాళ్లం. డబ్బా మీద హిందీలో అలాగే రాసుండేది. నూనె ఇంట్లో, వంటగదిలో ఉండేది. మావ మాటల్లో కూడా సగం తెలుగు, సగం షాపు హిందీ. కాబట్టి నాకు అనుమానం రాలేదు. తేల్ వద్దంటున్నాడు. నేను కుంచెతో నూనె రాయడం ఆపేసి, పత్తితో రీమరు తుడిచి మళ్లీ పెట్టాను. అది కీచుమంది. ఆయన ముఖం చిట్లించి ఇంకా గట్టిగా అదే మాట అరిచాడు. ఇంక ఎక్కడుంది తేల్, చుక్క లేదు కదా అని నేనూ అరిచాను. ఆయనకి వినబడలేదు. గుప్పిట బిగించి చూపించి, నెమ్మదిగా వేళ్లు విప్పి, ఖాళీ అరచెయ్యి ఊపాడు. ఖాళీ చెయ్యంటే ఏమీ వద్దనే కదా. నేను తలూపాను. ఆయన చిరాగ్గా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పోత ఇనుముని నూనె లేకుండానే కోస్తారు. ఇత్తడిని కూడా కొందరు పొడిగానే కోస్తారు. గన్‌మెటల్‌కీ ఏదో అలాంటి కిటుకు ఉండి ఉంటుంది. చేతికి అలవాటైతే వణుకు పోతుంది. అలవాటు చేసుకోవడానికి నాకు వారమే మిగిలింది. వారమంతా పొడిగానే చేశాను. వణుకు పోలేదు. రోజుకో మాటన్న పెద్దమనిషి అయిదో మాట చెప్పలేదు. నా లేత్ దగ్గరికి రావడం కూడా తగ్గించాడు. చెప్పింది చెయ్యని మనిషికి ఇంకేం చెబుతాం అనుకున్నాడని నాకెలా తెలుస్తుంది?

పరీక్ష రోజున బయటి నుంచి ఒక అధికారి వచ్చాడు. ఛార్జ్‌మన్ పక్కన నిలబడ్డాడు. మావ కాస్త దూరంలో ఉన్నాడు. నేను రీమరుని శుభ్రంగా తుడిచి పొడిగా పెట్టాను. అది సగం దూరం అరుచుకుంటూ వెళ్లి, దిమ్మని కరిచి పట్టుకుని ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల లెక్కపెట్టలేనన్ని గీతలు. సబ్బునురగ రాసి గాలి వదిలారు. బుడగలు గుత్తులు గుత్తులుగా లేచాయి.

“బినా తేల్ కే? కిస్‌నే సిఖాయా?” అన్నాడు అధికారి. నూనె లేకుండా చెయ్యమని ఎవరు నేర్పారని.

నేను మావని చూపించాను.

అధికారి అటు తిరిగి, తేల్ వద్దని మీరే చెప్పారా అని అడిగాడు. మావ ఎప్పటిలాగే నవ్వుతూ తలూపాడు.

ఆ తలూపడం నాకు తెలుసు. టూల్ రూము కిటికీ దగ్గర పావు అంగుళం డ్రిల్లా, అర అంగుళం డ్రిల్లా అని అడిగినా అలాగే ఊపేవాడు. ఆయనకి వినబడలేదని ఆ షెడ్డులో నా అంత బాగా తెలిసినవాళ్లు లేరు. కాని ఆ నిమిషంలో నాకు తెలియనట్టే ఊరుకున్నాను. అదే రోజు, మా షాపులోనే ఖలాసీగా ఉన్న ఆయన మేనల్లుడు అదే కాక్ చేసి పాసయ్యాడు. అతను డబ్బాడు తేల్ పోసుకున్నాడు. అది చూశాక నాకు అంతా తేటతెల్లమైపోయినట్టనిపించింది. మేనల్లుడికొక మాట, నాకొక మాట.  ఛార్జ్‌మన్ నన్ను పిలిచి అడిగితే, అవును, రెండుసార్లు అరిచి మరీ చెప్పారు అన్నాను.

పదిరోజులకి మావని మిషన్ల మీద నుంచి తీసేశారు. సిర్గిట్టి వైపు లైన్లు దాటితే తుక్కు వేసే యార్డు ఉంది. అక్కడ కూర్చుని వ్యాగన్ల కొసలకుండే పాత బఫర్లు, స్ప్రింగులు వేరు చేయించాలి. వయసైపోయింది, తప్పు నేర్పుతున్నాడు అని కాగితం మీద రాశారట. ఆయన క్యారేజీ పట్టుకుని షాపు దాటి వెళ్తుంటే నేను కిటికీలో బిళ్లలు సర్దుతున్నాను. తలెత్తలేదు.

నాలుగు నెలలు మాటల్లేవు. కాలనీలో ఎదురైనా నేనే పక్క సందులోకి తిరిగేదాన్ని.

ఆ చలికాలం మా లైనులో ఒక అమ్మాయికి సీమంతం చేశారు. మా వాళ్లలో ఏ శుభకార్యమైనా బూరెలుండాలి. కాలనీలో బూరెలంటే మా మిస్త్రీ మావ పెళ్లామే వండాలి. పెరట్లో పొయ్యి పెట్టారు. సాయానికి ఎవరూ లేక నన్ను కూర్చోబెట్టారు. ఆవిడ ముందు నాకు ముఖం చెల్లలేదు గాని, ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టే పూర్ణం ఉండలు చేసి నాకందిస్తోంది. నేను పిండిలో ముంచి మూకుట్లో వేస్తున్నాను. వేసిన వెంటనే గరిటెతో కదపడం నా అలవాటు. ఒక బూరె పగిలి పూర్ణం నూనెలోకి వచ్చేసింది.

ఆవిడ నా చెయ్యి మీద చిన్నగా కొట్టింది. “ఓలమ్మ, గరిటెట్టి తోసీకే. దాన్ని ఒగ్గీ. తేల్నీ.”

నేను చెయ్యి అలాగే పెట్టి ఉండిపోయాను.

“తేల్నీ అంతన్నాను కదేటి. అదే పైకొస్తాది.”

మూకుడు నిండా నూనె. అందులో బూరెలు ఒక్కొక్కటే అడుగు నుంచి లేచి పైకి తేలుతున్నాయి. తేల్నీ. తేలనియ్యి. తేల్ నై కాదు. ఆయన గుప్పిట విప్పి చూపించింది కూడా నాకప్పుడు కళ్లముందు ఆడింది. ఏమీ వద్దని కాదు, వదిలెయ్యమని. నేను బిగించి పట్టుకున్న రీమరుని వదిలి, దాన్ని తేలనివ్వమని.

“ఏటే, అలగ ఉండిపోనావు? మాడిపోతన్నాయి, తియ్యి,” అంది ఆవిడ.

తీశాను. ఎన్ని మాడాయో గుర్తులేదు. మిగిలిన పిండి అయిపోయేదాకా ఒక్క బూరెనీ గరిటెతో కదపలేదు. 

మర్నాడు మధ్యాహ్నం భోజనాల విరామంలో లైన్లు దాటి యార్డుకి వెళ్లాను. మావ ఒక పాత బఫరు మీద కూర్చుని టీలో బ్రెడ్డు ముంచుకుని తింటున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. నేను మాట్లాడితే వినబడదు, అరిస్తే నలుగురూ చూస్తారు. జేబులో సుద్దముక్క ఉంది. తుప్పు పట్టిన ఒక ఇనుప పలక మీద తెలుగులో రాశాను: తేల్నీ. ఆ ల కింద న ఒత్తు ఎలా పెట్టాలో తెలియక రెండుసార్లు చెరిపాను.

ఆయన చదివి, “అవును. అదే కదా సెప్పినాను,” అన్నాడు.

ఆయన చెవి దగ్గరికి వంగి, “నాను తేల్ నై అనుకున్నాను మావా. తేల్ ఒద్దన్నావనుకున్నాను,” అన్నాను.

అర్థం కావడానికి ఆయనకి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బ్రెడ్డు ముక్క టీలో మెత్తబడి విరిగి పడిపోయింది. దాన్ని చూస్తూ అన్నాడు.

“నాను తెలుగులో సెప్పినాను. నువ్వు తెలుగుదానివి కదా అనుకున్నాను.”

నా జీవితంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అంతగా తగిలింది ఇంకొకటి లేదు. ఆయన కోపంగా కూడా అనలేదు.

తర్వాత లేచి, తుక్కులోంచి ఒక గొట్టం ముక్క, ఒక కడ్డీ తీసి చూపించాడు. ఆ లేత్ పాతది, వెనక దిమ్మ అరిగి కిందికి దిగిపోయింది. దానికి బిగించిన రీమరు ఒక దిక్కు చూస్తుంది, రంధ్రం ఇంకో దిక్కు చూస్తుంది. రెండూ కొట్టుకుంటాయి, అదే వణుకు. మిగతావన్నీ సరిచేసినా అది పోదు. రీమరు వెనక చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటని వెనక దిమ్మకుండే మొన మీద ఊరికే ఆనించాలి. రీమరు తిరిగిపోకుండా దాని పిడిని పనిముట్లు బిగించే టూల్‌పోస్టుకి ఆనించాలి. అంతకు మించి పట్టుకోకూడదు.

“బొక్క ఎటు తీసికెల్తే అటెల్తాది. నువ్వు దారి సూపించకు. ఎనకాల నుండి మెల్లగ తోస్తూ ఉండు, సాలు.”

పోయేముందు జేబులోంచి మైనం కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. మొదటిసారి రీమరు లోపలికి పోయేటప్పుడు ఇది ఒక చుట్టు చుట్టమన్నాడు. వణుకేమైనా మిగిలుంటే ఈ కాగితం మింగేస్తుందట. పిసినారితనమని ఇన్నేళ్లూ నవ్వుకున్నది దీన్ని చూసే.

ఆ సాయంత్రం ఛార్జ్‌మన్‌కి హిందీలో కాగితం రాసిచ్చాను. నేనే తప్పు విన్నానని, ఆయన సరిగ్గానే చెప్పాడని, అధికారి అడిగింది ఆయనకి వినబడలేదని నాకు అప్పుడే తెలుసని. ఆ చివరి ముక్క రాయడానికే ఎక్కువసేపు పట్టింది. చెప్పింది సరిగ్గా వినని మనిషిని మిషను మీద పెట్టకూడదని ఛార్జ్‌మన్ ఒక్క వాక్యం రాస్తే నా రెండో అవకాశం పోతుంది. భయంగానే ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు.

“అచ్ఛా. తో గల్తీ ఆప్‌కీ థీ,” అన్నాడు. తప్పు మీదేనన్నమాట అని.

“జీ,” అన్నాను.

ఆయన నా మీద ఏమీ రాయలేదు. మావనీ వెనక్కి తేలేదు. మూడు నెలల కోసం మళ్లీ ఎందుకు కదిలించడం అన్నాడు. నా కాగితాన్ని ఫైలులో పెట్టి, ఫైలుని బీరువాలో పెట్టాడు. మావకి చెబితే, “పోన్లే. ఇక్కడ సప్పుడు నేదు,” అన్నాడు. వినబడని మనిషికి చప్పుడు లేకపోతే ఏం లాభమో నాకు అర్థం కాలేదు. నన్ను తేలిక చెయ్యడానికే అన్నాడనుకుంటాను. నాకు తేలిక కాలేదు.

రెండో పరీక్షకి అదే అధికారి వచ్చాడు. నేను గేరు నెమ్మదిలో పెట్టాను. వెనక కడ్డీని లోపలికి జరిపాను. మైనం కాగితం చుట్టాను. కుంచెతో తేల్ కారేలా రాశాను. రీమరు వెనక గుంటని మొన మీద ఆనించి, పిడిని టూల్‌పోస్టు మీద వదిలేశాను. చెయ్యి తియ్యాలంటే వేళ్లు ఒప్పుకోలేదు. నాలుగేళ్లు కిటికీలో కూర్చుని, ఒకసారి తప్పి, ఇప్పుడు ఉన్న ఒక్క పనిముట్టునీ పట్టుకోకుండా ఉండాలంటే ఎవరికైనా కష్టమే. తేల్నీ, తేల్నీ అని నాలో నేనే అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను. అధికారి కంగారుగా, “తేల్ నహీఁ? డాలియే, డాలియే!” అన్నాడు. తేల్ లేదా, పొయ్యండి అని. కుంచె ముంచి ఇంకోసారి కారేలా రాశాను.

రీమరు లోపలికి వెళ్లింది. షాపులో ఎవరూ తిరిగి చూడలేదు. చూడటానికి చప్పుడేదీ? గన్‌మెటల్ పొట్టు పసుపు రంగు పొడిలా నూనెలో కలిసి జారింది. సబ్బునురగ రాసి గాలి వదిలారు. అధికారి వంగి చూశాడు, ఛార్జ్‌మన్ వంగి చూశాడు. నురగ ఎలా రాశారో అలాగే ఉండిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మా ఆయన పోయాక ఏ విషయానికైనా అంత సంతోషపడటం అదే మొదలు. అది దాచుకోవడానికి చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాను.

విరామం గంట కొట్టారు. టూల్ రూముకి వెళ్లి, నా నంబరున్న ఇత్తడి బిళ్ల నేనే మేకుకి తగిలించి, దాని మీద ఆ కాక్ తీసుకున్నాను. లైన్లు దాటి యార్డుకి వెళ్లాను. మావ అదే బఫరు మీద కూర్చుని ఉన్నాడు. ఏమీ చెప్పకుండా కాక్ ఆయన ఒళ్లో పెట్టాను.

ఆయన దాన్ని ఎండకి ఎత్తి చూడలేదు. చూపుడు వేలు లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాడు. వెడల్పు చివర నుంచి సన్న చివరదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. వేలు బయటికి తీసి, బొటనవేలితో రుద్ది చూసుకుని, నా వైపు తిరిగాడు.

“నూనె ఎక్కువేసీసినావు, కోడలా.”

పనిచోట ఆయన నోట నూనె అన్న మాట నేను విన్నది అదొక్కసారే.